మాలిక్ వంపు దగ్గర రెండు గేట్లు

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఏ ఏట ఏ ప్రమోషన్ వచ్చిందో ఇందులో ఉండదు. అవి మా ఆవిడకే గుర్తు లేవు, మీకెందుకు? రైల్వే ఇంజనీరింగ్ శాఖలో కొత్తగా చేరిన మన తెలుగు పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి "అంకుల్, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అంటారు. టీ తాగేలోపు చెప్పగలిగింది కాదు కాబట్టి రాస్తున్నాను. తియ్యటి కబుర్లు కావాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయడం మంచిది.

నేను పి.డబ్ల్యు.ఐ.ని, అంటే పట్టాల ఇన్‌స్పెక్టర్ని. మా నాన్న ఇంజన్లో బొగ్గు వేసే పనికి బొబ్బిలి వైపు నుంచి రాయ్‌పూర్ వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి, బళ్లో హిందీ, ఇంట్లో తెలుగు నేర్చుకుని, చివరికి ఆ పట్టాల మీదే ఉద్యోగంలో చేరాను. నా సర్వీసులో సగానికి పైగా రాయ్‌పూర్ నుంచి అభన్‌పూర్ మీదుగా ధమ్తరీ వెళ్లే చిన్న లైను మీదే గడిచింది. ఆ బండి నడక మీద ఊళ్లో అందరికీ వెటకారమే. దిగి, పొలం పని చూసుకుని, మళ్లీ అదే బండి ఎక్కొచ్చనేవాళ్లు. అననీయండి. నెమ్మదిగా పోయే బండి పడినా మనుషులు చస్తారు.

గ్యాంగు అంటే

పుస్తకాల్లో ట్రాక్ అంటే ఇనుము, కంకర, పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు. నా లెక్కలో ట్రాక్ అంటే గ్యాంగు, పట్టాల్ని బాగుచేసే పనివాళ్ల జట్టు. గ్యాంగుకి పెద్దని మేటు అంటారు. ఇక కీమాన్ అంటే రోజూ పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని తన బీటంతా, అంటే తనకి అప్పజెప్పిన దూరమంతా, కాలినడకన తిరిగేవాడు. పట్టాని కదలకుండా పట్టి ఉంచే ఇనప కీలు ఉంటాయి. వదులైన దాన్ని కొట్టి బిగించడం, పట్టా ఎక్కడైనా పగిలిందేమో చూడడం అతని పని. కీమాన్ మంచివాడైతే ఇన్‌స్పెక్టరు ఇంట్లో నిద్రపోతాడు. నేను చాలా ఏళ్లు హాయిగా నిద్రపోయాను, ఎందుకంటే అభన్‌పూర్ దాటాక వచ్చే బీటు మీద నా కీమాన్ ఇస్మాయిల్.

ఇస్మాయిల్ ఆ లైను పక్క గ్యాంగు క్వార్టర్లలోనే పుట్టాడు. వాళ్ల నాన్న అదే బీటుకి కీమాన్. అప్పట్లో ఆ గ్యాంగులో ఎక్కువమంది శ్రీకాకుళం వాళ్లు కావడంతో వాళ్ల పిల్లలతో ఆడుతూ పెరిగి మనకంటే చక్కటి తెలుగు మాట్లాడేవాడు. మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాపుకోలేకపోయాను.

"ఏటోయ్, అచ్చం మా అత్తోరి ఊరి మనిషిలాగా మాట్లాడతావు!" అన్నాను.

"మరేటి సాబ్, ఈ గవరయ్య బావతోటి ఉంటే ఛత్తీస్‌గఢీ కూడా మర్సిపోతాను" అన్నాడు.

గవరయ్య ఆ గ్యాంగు మేటు, టెక్కలి వైపు మనిషి. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు, పొద్దస్తమానం దెప్పుకునేవాళ్లు. పైవాళ్లు ఇస్మాయిల్‌కి మేటు పరీక్ష రాయమని రెండు మూడుసార్లు చెప్పారు. రాయనన్నాడు. "ఈ బీటు నా తండ్రి నాకిచ్చిన పొలం సాబ్. పొలం ఒగ్గేసి ఎక్కడికి ఎల్తాను?" అనేవాడు. అతనికి కావలసింది ఆ బీటు, ఆ క్వార్టరు, అంతే. ఇంకేమీ అడగలేదు. ఈ రాతంతా ఆ ఒక్కటీ అతనికి ఎలా దక్కకుండా పోయిందో చెప్పడానికే.

మాలిక్

ఇస్మాయిల్ బీటులో ఒక వంపు ఉంది. వంపు లోపలి వైపు, పట్టాకి కొంచెం ఎడంగా, ఒక మోదుగ చెట్టు కింద కంకర రాళ్ల గుట్ట. లైను వేసినప్పటి నుంచీ ఉందంటారు. గ్యాంగు వాళ్లు అటుగా పనికి వెళ్తే తలా ఒక రాయి దాని మీద పెట్టి వెళ్లేవాళ్లు. దాన్ని మాలిక్ అనేవాళ్లు, అంటే యజమాని. అంతకు మించి ఇంకో పేరు పెట్టకూడదు, అదీ ఆనవాయితీ. పేరు పెడితే మాలిక్‌కి కోపం వస్తుందని, పట్టా కదులుతుందని వాళ్ల నమ్మకం.

తూర్పు వైపు ఊరి వాళ్లు తమ గ్రామదేవత అనుకుని కొబ్బరికాయ కొట్టేవాళ్లు. పడమర వైపు రోడ్డు మీది నుంచి వచ్చే ముస్లింలు ఎవరో బాబా సమాధి అనుకుని అగరొత్తులు వెలిగించి పచ్చ గుడ్డ కప్పేవాళ్లు. గుడ్డ కప్పి ఉంటే కొబ్బరికాయ పక్కనున్న రాయి మీద కొట్టుకునేవాళ్లు. ఒకరి ప్రసాదం ఒకరు తినేవాళ్లు. ఇదేదో గొప్ప సామరస్యం అని నేనేమీ ఊదరగొట్టను. ఎవరికీ దాని గురించి ఆలోచించే తీరిక లేదు, అంతే. ఆ తీరిక లేకపోవడమే మంచిదయింది.

నేను కొత్తలో దాస్ బాబు అనే పాత ఇన్‌స్పెక్టరు దగ్గర పని నేర్చుకున్నాను. బెంగాలీ మనిషి, నోరు మంచిది కాదు, పని బంగారం. మొదటిసారి ఆ వంపు దగ్గర ట్రాలీ, అంటే పట్టాల మీద మేం తిరిగే తోపుడు బండి, ఆపించి, దిగి, ఒక రాయి తీసి గుట్ట మీద పెట్టాడు. నన్నూ పెట్టమన్నాడు. నేను చదువుకున్న కుర్రాణ్ణి కదా, ఊరుకుంటానా?

"సర్, ఇది హిందువులదా, ముస్లింలదా?" అని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నీకు జీతం ఇచ్చేది వంపు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి. చూశావా?" అన్నాడు.

చూడలేదు. ఆ రోజు తిట్లు బాగా పడ్డాయి. పిల్లలూ, అడగకుండా వదిలేయాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయని ఏ ట్రైనింగ్ స్కూల్లోనూ చెప్పరు. చెప్పినా మీరు వినరు, నేను మాత్రం విన్నానా?

మాథుర్ సాబ్ మంచితనం

చాలా ఏళ్ల తర్వాత మాకు మాథుర్ అనే కుర్ర అసిస్టెంట్ ఇంజనీరు వచ్చాడు. లంచం ముట్టడు, కులం చూడడు, ఎవరి మీదా అరవడు. అలాంటి అధికారిని నా సర్వీసులో మళ్లీ చూడలేదు. అయినా చెప్తున్నాను, ఆయన చేసినంత నష్టం ఏ లంచగొండీ చేయలేదు.

ఆయన వచ్చిన ఏడాది మాలిక్ దగ్గర జనం పెరిగారు. బండి వస్తున్నా పట్టాల మీద నిలబడి దణ్ణాలు పెడుతున్నారని డ్రైవర్లు ఫిర్యాదు చేశారు. అది నిజమే, ప్రమాదమే. కంచె వేయాలన్నాడు మాథుర్ సాబ్. అదీ సబబే. పాత పట్టా ముక్కలు పాతి, తీగ కట్టి, ఒక చిన్న గేటు పెడితే సరిపోయేది. ఆయనకి అది అన్యాయంగా తోచింది. ఒక గేటు పెడితే ఏ వైపు పెట్టినా రెండో వైపు వాళ్లు చుట్టూ తిరిగి రావాలిగా! అందుకని తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు గేట్లు గీశాడు. పైగా మా రైల్వే వాళ్లకి ఒక జబ్బు ఉంది. పట్టా పక్కన ఏది కనబడినా దానికో బోర్డు తగిలించకపోతే నిద్ర పట్టదు. మైలు రాయికి బోర్డు, వంపుకి బోర్డు, కూత వేయమని బోర్డు. మాలిక్‌కి మాత్రం ఎందుకుండకూడదు?

గ్యాంగుని పిలిపించి అడిగాడు, బోర్డు మీద ఏమని రాయాలని. అందరూ గవరయ్య వైపు చూశారు.

"ఏటీ రాయొద్దు బాబూ" అన్నాడు గవరయ్య నాతో, "దొరగారికి సెప్పండి. పేరు రాస్తే ఆ పేరోడు వచ్చి కూకుంటాడు, మిగిలినోడు పోతాడు."

నేను హిందీలో చెప్పాను. ఒక గేటే చాలని నా తరఫున కూడా చెప్పాను. మాథుర్ సాబ్ ఓపిగ్గా విన్నాడు. "రావ్ జీ, ఇది మూఢనమ్మకం. రెండు వైపులా సమాన గౌరవం ఇస్తే గొడవే ఉండదు" అన్నాడు. గొడవ అనేది అక్కడ అప్పటిదాకా లేదని నేను అంటే, "ముందు జాగ్రత్త" అన్నాడు.

తూర్పు గేటు మీద గ్రామదేవత పేరు, పడమర గేటు మీద బాబా దర్గా అని రాశారు. రంగులు మా స్టోరులో ఉన్నవే. పట్టాలకి తుప్పు పట్టకుండా పూసే సింధూరం రంగు ఒక గేటుకి, సిగ్నల్ స్తంభాలకి వేసే ఆకుపచ్చ రెండో గేటుకి. ఎవరూ కావాలని చేయలేదు. ఆ నెలలో మా దగ్గర ఉన్నవి ఆ రెండు రంగులే. ఇస్మాయిల్ ఆ గేట్ల ముందు నిలబడి, "ఇప్పుడు మనం ఎటు నుంచి ఎల్లాలి బావా?" అని అడిగాడు. ఇద్దరూ కంచె బయటి నుంచే రాయి విసిరి పనిలోకి వెళ్లిపోయారు.

షామియానాలు

రెండు గేట్లు ఉన్నాక రెండు తాళాలు కావాలి. తాళాలు ఉన్నాక తాళంచెవి పట్టుకునేవాడు కావాలి. చూస్తుండగానే తూర్పున ఒక కమిటీ, పడమర ఒక కమిటీ మొలిచాయి. రెండింటికీ మైకులు వచ్చాయి. దేశమంతా అలాంటి గాలి వీస్తున్న రోజులు, మా మూలకి మాత్రం రాకుండా ఉంటుందా! ఎన్నికలు కూడా దగ్గరపడుతున్నాయి.

తూర్పు కమిటీ వెనకాల ఉన్నాయన్ని అందరూ భయ్యాజీ అనేవాళ్లు. టికెట్టు కోసం తిరుగుతున్న నాయకుడు. అంతకు ముందు ఆయన ఆ వంపు మొహం చూసి ఎరగడు. రాళ్ల కింద పాత గుడి ఉందని, తవ్వితే విగ్రహం దొరుకుతుందని మొదలుపెట్టాడు. పడమర కమిటీకి రాయ్‌పూర్ శివారు టాటీబంధ్‌లో లారీలు తిప్పే ఒక పెద్దమనిషి అధ్యక్షుడు. అవతలి పార్టీకి ఓట్లు పోగుచేసే మనిషి. ఆయన, ఒక్క రాయి కదిపితే ప్రాణాలు పోతాయని ఉపన్యాసాలు ఇచ్చాడు. ఎవరి ప్రాణాలో చెప్పలేదు. ఆయనవి కావని మాత్రం నాకు తెలుసు. రెండు సభలకీ షామియానా, కుర్చీలు టాటీబంధ్‌లో ఒకే కొట్టు నుంచి వచ్చేవి. పొద్దున ఇటు, సాయంత్రం అటు. ఆ కొట్టువాడే నాతో నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

తవ్వుతామన్నది విని నేను కంగారు పడింది దేవుడి కోసం కాదు. ఆ గుట్ట పట్టాని మోసే మా మట్టికట్ట అంచున ఉంది. అక్కడ గుంత తీస్తే వాన పడగానే కట్ట జారుతుంది, పట్టా వేలాడుతుంది. ఆ మాట భయ్యాజీ మనుషులతో అంటే, నేను ఎవరి మనిషినని అడిగారు. పడమర వాళ్లతో గుట్ట చుట్టూ సిమెంటు వేయొద్దంటే వాళ్లూ అదే అడిగారు. పట్టా మనిషిని అంటే రెండు వైపులా నవ్వారు.

మెల్లగా అది గ్యాంగులోకీ వచ్చింది. అన్నం గిన్నెలు వేరు పెట్టుకోవడం మొదలుపెట్టారు కొందరు. గవరయ్య మాత్రం ఇస్మాయిల్ డబ్బాలోంచి కూర తీసుకుని అందరికీ కనబడేలా తినేవాడు. "సచ్చినోళ్లారా, ఇరవయ్యేళ్లు నా పేణం కాసినోడు ఈడు. నిన్నగాక మొన్నొచ్చిన మైకు కాసిందేట్రా?" అని తిట్టేవాడు.

సుత్తి

ఒక పొద్దున తూర్పు గేటు దగ్గర భయ్యాజీ సభకి షామియానా కడుతున్నారు. ఇస్మాయిల్ ఎప్పటిలాగే బీటు నడుస్తూ వంపులోకి వచ్చాడు. అక్కడ ఒక కీ వదులుగా ఉంది. వంగి సుత్తితో కొట్టాడు. కంచెకి నాలుగడుగుల దూరం. సభకి బయటి ఊళ్ల నుంచి లారీల్లో తెచ్చిన కుర్రాళ్లు ఉన్నారు, వాళ్లకి కీమాన్ అంటే ఏమిటో తెలియదు. గడ్డం ఉన్న మనిషి, చేతిలో సుత్తి, ఠంగుమని చప్పుడు.

"తోడత్ హే!" అని ఎవడో అరిచాడు, పగలగొడుతున్నాడని.

తర్వాతది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. కింద ఉన్నదంతా కంకరే కదా, ఎవరికి కావలసినన్ని రాళ్లు వాళ్లకి దొరికాయి. గవరయ్య గ్యాంగుతో పరుగెత్తుకొచ్చి అడ్డం పడేసరికి ఇస్మాయిల్ తల పగిలింది. ట్రాలీ మీద పడుకోబెట్టి అభన్‌పూర్ తెచ్చారు, అక్కణ్ణుంచి రాయ్‌పూర్ ఆసుపత్రికి. స్పృహ వచ్చాక నన్ను చూసి అతను అడిగిన మొదటి మాట: "ఆ కీ బిగిసిందా సాబ్? నాను పూర్తిగా కొట్టనేదు." నేను ఆ వార్డులో ఏడ్చాను. సిగ్గుపడాల్సిన సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

సుత్తి మాత్రం వాళ్ల చేతికి చిక్కింది. ఆ సాయంత్రం భయ్యాజీ వేదిక మీద దాన్ని ఎత్తి చూపించాడట. "రోజూ వీళ్లు ఇది పట్టుకుని వస్తున్నారు" అని. మా గ్యాంగు నంబరు కొట్టిన సుత్తి. మర్నాడు నేను ఆయన ఇంటికి వెళ్లాను. మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

"అది రైల్వే సుత్తి. పట్టా కీలు కొట్టేది. మీ తాతగారు ఎక్కిన బండి కూడా అలాంటి సుత్తి మీదే నడిచింది" అన్నాను.

"నాకు తెలియదా రావ్ సాబ్?" అన్నాడు, ఎంతో ప్రేమగా. "నేనూ ఈ జిల్లా వాణ్ణే కదా. మీ కీమాన్ మంచివాడని కూడా విన్నాను."

"మరి సుత్తి ఇచ్చేయండి. సభలో నిజం చెప్పండి."

ఆయన నా భుజం తట్టాడు. "హథౌడా మిల్ జాయేగా. చునావ్ కే బాద్."

సుత్తి దొరుకుతుంది, ఎన్నికలయ్యాక. ద్వేషంతో ఊగిపోయేవాణ్ణి చూస్తే ఇంత భయం వేసేది కాదు. ఆ మనిషికి ఏ ద్వేషమూ లేదు. టీ చల్లారిపోతోంది, తాగమని కూడా అన్నాడు. ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ, "మీరు ఆ టీ తాగేరా?" అంది. తాగకుండానే లేచి వచ్చానంటే, పోనీ అదైనా చేశారంది.

కానిస్టేబులు వెనకాల

కలెక్టరు రెండు గేట్లకీ తాళాలు వేయించి సీలు పెట్టించాడు. పోలీసు పికెట్ పెట్టారు. మాథుర్ సాబ్ నిజంగా కుమిలిపోయాడు, ఇస్మాయిల్‌ని చూడ్డానికి పళ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. తిరిగి వచ్చి అతన్ని వేరే చోటికి బదిలీ చేస్తానన్నాడు, అతని మంచికే. మళ్లీ మంచి! నేను ఆ గదిలో మొదటిసారి అధికారి మీద అరిచాను.

"దెబ్బలు తిన్నవాణ్ణి పంపేస్తే, కొట్టినవాడిది నిజమని మనమే చెప్పినట్టు. అతని బీటు అతనికి ఇవ్వాల్సిందే" అన్నాను.

మాథుర్ సాబ్ ఒప్పుకున్నాడు. ఇస్మాయిల్ కూడా సంతోషించాడు. కుట్లు మానగానే కొత్త సుత్తి తీసుకుని బీటు ఎక్కాడు. వంపు దగ్గర మాత్రం ఒక కానిస్టేబులు అతని వెనకాలే నడవాలని ఏర్పాటు. గెలిచామనుకున్నాను. గవరయ్య కూడా మీసం దువ్వాడు.

చలికాలం వచ్చింది. చలికి పట్టా ముడుచుకుంటుంది, పగుళ్లు అప్పుడే వస్తాయి. ఒకరోజు పొద్దున ఇస్మాయిల్, గవరయ్య కలిసి నా ఆఫీసుకి వచ్చారు. గవరయ్య మొహం పక్కకి తిప్పుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సాబ్, నన్ను బీటు నుంచి తీసేయండి" అన్నాడు ఇస్మాయిల్.

ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను. లేదన్నాడు. కానిస్టేబులు సరిగా రావడం లేదా అంటే, వస్తున్నాడు, మంచోడు, బీడీ కూడా ఇస్తాడన్నాడు.

"మరేమిటయ్యా?"

"నిన్న వంపులో పట్టా పగిలింది సాబ్. ఏలు దూరేంత. నా కాలి కిందనుంచి పోయింది, నాను సూడనేదు. ఎనకాల బావ వస్తూ సూసి ఎర్ర జెండా పాతాడు. బండి అప్పుడికే అభన్‌పూర్ ఒదిలేసింది."

అయినా, "ఎవరికైనా ఒకసారి పొరపాటు జరుగుతుంది" అన్నాను.

"నాకు జరగదు సాబ్. మీకు తెలుసు." కోపంగానే అన్నాడు. "పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి నా తల పట్టా మీదికే వంగి ఉండేది. ఇప్పుడు వంపు వస్తే తల పైకి లేస్తాది. ఎవడు ఎటు నుంచి సూస్తన్నాడో, ఎవడి సేతిలో ఏటుందో సూడ్డమే సరిపోతాది. మనుసుల్ని సూసుకుంటా నడిసేవోడు కీమాన్ కాదు. బండిలో పిల్లలు ఉంటారు."

బదిలీ వద్దని మాథుర్ సాబ్‌తో పోట్లాడడానికి నా దగ్గర ఎన్నో మాటలు ఉన్నాయి. ఇస్మాయిల్ ముందు ఒక్కటీ పనికి రాలేదు. అతను చెప్పింది పనిపరంగా నూటికి నూరుపాళ్లు నిజం. నా చేత్తోనే కాగితం రాసి పంపాను. ఉర్లా ఫ్యాక్టరీల వైపు గూడ్స్ లైనులో మామూలు గ్యాంగ్‌మన్‌గా వేశారు.

పగులు కనిపెట్టి బండిని ఆపినవాళ్లని సన్మానించడం మా శాఖలో ఆనవాయితీ. రాయ్‌పూర్‌లో చిన్న సభ పెట్టి, గవరయ్య పేరు పిలిచారు. మాథుర్ సాబ్ చేతిలో దండ, సర్టిఫికెట్. మళ్లీ పిలిచారు. గవరయ్య రాలేదు. ఆ వేళకి అతను అభన్‌పూర్ స్టేషన్లో, క్వార్టరు ఖాళీ చేసిన బావ ట్రంకు పెట్టెని నెత్తిన పెట్టుకుని, బండి కోసం నిలబడి ఉన్నాడు.